అర్జంటు పని లేని రోజు కూడా ఊరికే కూర్చుంటే తప్పు చేసినట్టు ఎందుకు ఉంటుంది?

హన్మకొండ_లెక్కలు రాసింది:

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ రోజూ చదువుతాను కానీ రాయడం తక్కువ. నాకు 37 ఏళ్లు. హన్మకొండలో ఇంట్లోనే ముందు గదిని ఆఫీసు చేసుకుని చిన్న వ్యాపారులకు జీఎస్టీ రిటర్నులు, ఇన్‌కం టాక్స్ లెక్కలు చూస్తాను. కిరాణా దుకాణాలు, ఎరువుల షాపులు, ఒక టైల్స్ షాపు, అన్నీ కలిపి 40 మంది దాకా ఉంటారు. మా ఆయన టీచర్, ఇద్దరు పిల్లలు.

పోయిన ఆదివారం లక్నవరం వెళ్లాం. పిల్లలు ఆరు నెలల నుంచి అడుగుతున్నారు, నేనే ప్రతిసారి వచ్చే నెల అంటూ వచ్చాను. మా పనిలో 11వ తేదీకి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20వ తేదీకి 3బీ (పన్ను కట్టే రిటర్ను) వేయాలి. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల లేటు ఫీజు పడుతుంది, అది షాపాయన కట్టినా మాట పడేది నేనే. అయితే ఈసారి 20 దాటింది, అందరివీ వేసేశాను, చేతిలో నిజంగానే అర్జంటు పని ఏదీ లేదు. అందుకే బయలుదేరాం.

ములుగు దాటి అడవి మొదలైనప్పటి నుంచి పిల్లల సంతోషం చెప్పలేను. వేలాడే వంతెన మీద నడుస్తుంటే చిన్నది నా చెయ్యి పట్టుకుని "అమ్మా, ఊగుతుంది చూడు, ఊగుతుంది చూడు" అంటోంది, నేను మాత్రం టైల్స్ షాపు వాళ్ల కొనుగోలు బిల్లు ఒకటి 2బీలో (అమ్మినవాళ్లు చూపిన బిల్లుల జాబితాలో) ఎందుకు కనపడలేదా అని ఆలోచిస్తున్నా. పడవ ఎక్కాక ఫోన్‌కు సిగ్నల్ పోయింది. అప్పుడు మొదలైన దడ మళ్లీ ఒడ్డుకు వచ్చి సిగ్నల్ చూసుకునేదాకా తగ్గలేదు. ఒక్క మిస్డ్ కాల్ కూడా లేదు. ఆదివారం నాకెవరు చేస్తారు?

ఇంటికొచ్చి పిల్లలు పడుకున్నాక రాత్రి పదింటికి లాప్‌టాప్ తీసి పన్నెండు దాకా పనిచేశాను. చేయకపోతే కొంపలు మునిగే పని కాదు. కానీ ఆ రెండు గంటలు చేశాకే మనసు కుదుటపడింది, ఆ రోజు అన్నం తిన్నందుకు ఏదో బదులు ఇచ్చినట్టు. నన్ను భయపెట్టింది ఇదే. ఇప్పుడు పిల్లలు "మళ్లీ ఎప్పుడు పోదాం" అని వాళ్ల నాన్ననే అడుగుతున్నారు, నన్ను అడగడం లేదు.

నేను పుట్టింది ఆత్మకూరు వైపు పల్లెలో. నాయన పత్తి, మిర్చి వేసేవాడు. "కూసోని తింటే గుట్టలు కరుగుతయ్ బిడ్డా" అనే మాట మా ఇంట్లో రోజుకు ఒకసారైనా వినపడేది. అమ్మ టీవీ ముందు కూర్చున్నా చేతిలో చిక్కుడుకాయలో, గింజలు తీయాల్సిన చింతపండో ఉండాల్సిందే. వాళ్లను తప్పుపట్టడం లేదు, వాళ్లు అలా బతకబట్టే నేను చదువుకున్నా. కానీ ఆ మాట నా లోపల ఎక్కడో కూర్చుని లేవడం లేదు.

ఇది మీలో ఎవరికైనా ఉందా? తగ్గిందా? ఫోన్ ఆఫ్ చేసుకో అని మాత్రం చెప్పకండి, పడవలో ఫోన్ దానంతట అదే ఆగిపోయినా నా తల ఆగలేదు.


కాజీపేట_ఆటో రాసింది:

అక్కా, తప్పుగా అనుకోకు, నేను కొంచెం వేరే మాట చెప్తా. ఇదంతా మనసులో ఉండే రోగం అన్నట్టు ఇప్పుడు ఒక పదిమంది వచ్చి చెప్తారు. నాకు సెలవంటే ఆ రోజు కిరాయిలు లేవు అంతే. ఆటో ఫైనాన్స్ కిస్తీ నేను లక్నవరం పోయినా ఆగదు, పోకపోయినా ఆగదు. నేను ఒక పూట పడుకుంటే ఆ పూట ఎంత పోయిందో లెక్క నాకు తెలుసు, మా ఇంటామెకు తెలుసు. దాన్ని గిల్టీ అంటారో ఇంకేమంటారో నాకు తెలియదు, నేనైతే లెక్క అంటా. నీకు కూడా లోపల అలాంటి లెక్క ఏదన్నా ఉందేమో ముందు చూసుకో. ఇంటి అప్పో, పిల్లల ఫీజులో. ఉంటే అది మాట్లాడి తేల్చుకోవాలి, మనసును తిట్టుకుంటే లాభం లేదు.

కానీ ఒకటి నీ పోస్టు చదివినంక యాదికొచ్చింది. మొన్న జనవరి 28 నుంచి 31 దాకా మేడారం జాతర అయింది కదా. మాకు ఆ నాలుగు రోజులు సీజన్. కాజీపేట స్టేషన్‌లో రైలు దిగిన జనాన్ని హన్మకొండలో బస్సుల దగ్గర దింపుతా ఉంటే పొద్దూ రాత్రీ తేడా ఉండదు. అసొంటి సీజన్‌లో నేను గురువారం, శుక్రవారం బండి ఇంటి ముందు పెట్టేసి పిల్లలతో మేడారం పోయినా. గురువారం సమ్మక్క తల్లి చిలకలగుట్ట నుంచి గద్దె మీదికి వస్తుంది, అది చూడాలని. జంపన్నవాగులో స్నానం చేసి, బంగారం (బెల్లం) మోసుకుని, ఆ దుమ్ములో, ఆ జనంలో రెండు రోజులు ఉన్నాం. పోయిన కిరాయిలు ఒక్కసారి కూడా మనసుకు రాలేదు. నిజంగా రాలేదు.

ఎందుకు రాలేదు అని ఇప్పుడు ఆలోచిస్తున్నా. తల్లి దగ్గరికి పోతే పని ఎగ్గొట్టినవ్ అని ఎవరూ అనరు. పెళ్లికి పోతే అనరు, మొక్కుకు పోతే అనరు. మనోళ్లకు ఊరు దాటాలంటే ఒక పేరు కావాలి. నువ్వు లక్నవరం పోయినవు, దానికి పేరు లేదు. సంతోషం కోసం పోయిన అని మన నోట రాదు అక్కా.


పాత_బాయి_కార్మికుడు రాశారు:

బిడ్డా, నేను బొగ్గుబాయిలో 31 ఏళ్లు చేసి రిటైర్ అయినవాణ్ని. ముందు గోదావరిఖని, తర్వాత భూపాలపల్లి కేటీకే. టింబర్‌మన్‌గా ఎక్కువ కాలం చేశాను, అంటే బాయి లోపల కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని. ఇప్పుడు మనవడు ఫోన్‌లో తెలుగులో మాట్లాడితే రాసేటట్టు పెట్టిచ్చాడు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

నీ పోస్టు రెండుసార్లు చదివించుకున్నా. నీకు లాంప్ రూం లేదు. చెప్తా విను. మాకు డ్యూటీ ఎక్కేటప్పుడు లాంప్ రూంలో మన నంబరు లైటు తీసుకుని నెత్తికి పెట్టుకుంటాం, షిఫ్టు దిగాక అదే కిటికీలో అదే లైటు అప్పజెప్తాం. ఎవడి లైటు తిరిగి రాకపోతే వాడు ఇంకా లోపలే ఉన్నాడని అర్థం, వెతుకుతారు. అందుకే ఎంత అలసిపోయినా లైటు అప్పజెప్పకుండా ఇంటికి పోయినోడు లేడు. ఆ లైటు కిటికీలోంచి లోపలికి పోగానే నెత్తి మీది బరువు దిగుతుంది చూడు, నేను బ్యాటరీ బరువు ఒక్కటే అనడం లేదు. ఇంటికి బొగ్గు పట్టుకుపోలేం, దిమ్మె పట్టుకుపోలేం. పని బాయిలోనే ఉంటుంది. నువ్వు బిడ్డా, లైటు నెత్తికే పెట్టుకుని వంటింట్లోకి పోతున్నావు, పిల్లల పక్కన పడుకుంటున్నావు, పడవ ఎక్కినావు. నీ మనసు నిన్ను ఇంకా లోపలే ఉన్నావని వెతుకుతోంది.

ఇంకో సంగతి. మా బాయిల మీద వారపు సెలవును ప్లేడే అంటారు. ఆడుకునే రోజు అని. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ నాకు ఇష్టం. మనిషిని గనిలో వారానికి ఆరు రోజుల కన్నా ఎక్కువ పని చేయించొద్దని 1952 గనుల చట్టంలోనే రాశారు, అంటే సెలవు ఒకరు దయతలచి ఇచ్చేది కాదు. ఒకవేళ ప్లేడే నాడు డ్యూటీ చేస్తే రెండింతల జీతం. ఆ మస్టర్ల (హాజరు) కోసం మేం కొట్లాడుకునేవాళ్లం. నేనైతే దొరికిన ప్లేడే డ్యూటీ వదలలేదు, ఇల్లు కట్టాలి, చెల్లె పెళ్లి చేయాలి అని. ఇల్లు కట్టాను, పెళ్లి చేశాను, వాటి గురించి బాధ లేదు. కానీ మా పెద్దబిడ్డ చిన్నప్పుడు ఏ పాట పాడేదో, ఏ కూర తినకపోయేదో మా ఆవిడ చెప్తే నేను కొత్తగా వింటున్నా. ఆ ఆదివారాలు మస్టర్ బుక్కులో ఉన్నాయి, నా దగ్గర లేవు.

ప్లేడే నాడు బాయి మీద ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. బొగ్గు తీయడం ఆపుతారు గానీ, మెయింటెనెన్స్ వాళ్లు వస్తారు. బెల్టులు చూస్తారు, రోపు చూస్తారు, కప్పు తట్టి చూస్తారు, పంపులు నీళ్లు తోడుతూనే ఉంటాయి. ఆ ఒక్క రోజు ఆ పని జరగకపోతే సోమవారం మొదటి షిఫ్టు దిగేవాళ్ల ప్రాణాలకు భరోసా లేదు. ఇనుముకు, రాయికి వారంలో ఒక రోజు ఇచ్చినోళ్లం, మన ఒంటికి ఇవ్వడానికి ఎందుకు సిగ్గుపడాలి?

కాజీపేట తమ్ముడు చెప్పింది కూడా నిజమే. లేనివాడికి సెలవు ఖరీదైనది, నాకూ తెలుసు.


మనసు_పాఠాలు రాశారు:

మేడం గారూ, నేను వరంగల్‌లో డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్తాను. పాత_బాయి_కార్మికుడు గారు లాంప్ రూం అని చెప్పినదాన్ని మా సబ్జెక్టులో దాదాపు వందేళ్లుగా చదువుతున్నారు, అది రాయకుండా ఉండలేకపోతున్నా.

బ్లూమా జైగార్నిక్ అనే ఆవిడ బెర్లిన్‌లో చదువుకునేటప్పుడు చేసిన ప్రయోగాలను 1927లో ప్రచురించారు. మనుషులకు చిన్న చిన్న పనులు ఇచ్చి, కొన్నిటిని పూర్తి చేయనిచ్చి కొన్నిటిని మధ్యలో ఆపేసి, తర్వాత ఏవేం చేశారో చెప్పమంటే మధ్యలో ఆగినవే ఎక్కువగా గుర్తున్నాయి. మీ టైల్స్ షాపు బిల్లు అలాంటిదే. 39 మందివి అయిపోయాయి కాబట్టి వంతెన మీద అవి గుర్తురాలేదు, తేలని ఆ ఒక్కటి వచ్చింది. ఇది మీ బలహీనత కాదు, అందరి బుర్రా అలాగే పనిచేస్తుంది.

మీకు ఉపయోగపడేది ఆ తర్వాత వచ్చింది. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు అమెరికాలో చేసిన ప్రయోగాల్లో, పూర్తికాని పని మనసులో దూరి చదువుతున్నదాన్ని చెడగొడుతుంటే, ఆ పనిని పూర్తి చేయక్కర్లేదు, ఎప్పుడు ఎక్కడ ఎలా చేస్తామో ఖాయంగా రాసుకుంటేనే ఆ పీకుడు చాలావరకు తగ్గింది. కాబట్టి శనివారం రాత్రి ఒక నోటుబుక్కులో "టైల్స్ షాపు, 2బీలో లేని బిల్లు, సోమవారం 11 గంటలకు అమ్మిన పార్టీకి ఫోన్ చేసి వాళ్ల జీఎస్టీఆర్-1 అడగాలి" అని ఇంత వివరంగా రాయండి. "టైల్స్ షాపు చూడాలి" అని రాస్తే పనికిరాదు, దానితో మనసు ఒప్పుకోదు. ఆ పుస్తకం మూసి గదిలో పెట్టండి. అదే మీ లాంప్ రూం కిటికీ.

రెండోది మీరు రాసిన గుట్టల సామెత గురించి. 2021లో ఒహాయో స్టేట్, రట్జర్స్ యూనివర్సిటీల వాళ్లు, ఇంకొందరు కలిసి ప్రచురించిన పరిశోధన ఉంది. తీరిక సమయం అంటే వృథా అని గట్టిగా నమ్మేవాళ్లు, నిజంగా తీరిక దొరికినప్పుడు కూడా దాన్ని తక్కువ ఆస్వాదిస్తున్నారని తేలింది. పైగా అలా నమ్మేవాళ్లలో దిగులు, ఒత్తిడి ఎక్కువగా కనపడ్డాయి. అంటే ఆ నమ్మకం వల్ల పని ఎక్కువ అవుతోందా లేదా అన్న సంగతి పక్కన పెట్టండి, సెలవు మాత్రం చేజారిపోతోంది. మీరు ఆ రోజు లక్నవరం వెళ్లారు, డీజిలు ఖర్చయింది, రోజు ఖర్చయింది, సంతోషం మాత్రం రాలేదు. లెక్కలు చూసేవారు కాబట్టి అడుగుతున్నా, నష్టం ఎక్కడ జరిగింది?

వాళ్లలోనే ఇద్దరు 2016లో ఇంకోటి చూపించారు. తీరికను కూడా నాలుగు గంటలకు ఇది, ఐదింటికి అది అని గడియారం పెట్టి బిగిస్తే అది కూడా పనిలాగే అనిపించడం మొదలవుతుంది. సాయంత్రం పూట, అన్నం తిన్నాక, అలా వదులుగా అనుకుంటే ఆ ఇబ్బంది రాదు. మా ఇంట్లో నేను ఇదే తప్పు చేసేవాణ్ని, రామప్ప తీసుకెళ్తే కూడా గుడికి గంట, చెరువుకు అరగంట అని పిల్లల్ని పరిగెత్తించేవాణ్ని. 800 ఏళ్లు నిలబడిన గుడిని గంటలో ముగించాలని చూశాను.

కాజీపేట అన్న మాటకు నా దగ్గర పరిశోధన లేదు. డబ్బు లేకపోవడం ఆలోచనలో లోపం కాదు, దానికి నోటుబుక్కు మందు కాదు.


హన్మకొండ_లెక్కలు రాసింది:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ దండాలు. పెద్దాయనా, లైటు నెత్తికే పెట్టుకుని పిల్లల పక్కన పడుకుంటున్నావు అన్న దగ్గర ఏడుపొచ్చింది. సార్, నష్టం ఎక్కడ జరిగిందో నాకు తెలుసు. కాజీపేట తమ్ముడూ, డబ్బు సంగతి నువ్వు అడిగింది సరైన ప్రశ్న, ఇంటి లోను ఉంది, కానీ ఆదివారం నేను కూర్చున్నంత మాత్రాన అది పెరగదు. ఐదేళ్ల కింద భయపడాల్సిన రోజులు ఉండేవి. ఆ రోజులు పోయాయి, భయం ఉండిపోయింది.


నర్సంపేట_వదిన రాసింది:

చెల్లె, అందరూ మంచిగా చెప్పారు గానీ ఒక్కరూ అడగలేదు. లక్నవరం పోయిన రోజు పొద్దున పులిహోర ఎవరు కలిపారు? పెరుగన్నం డబ్బాలు ఎవరు కట్టారు? పిల్లల బట్టలు, నీళ్ల సీసాలు, తువ్వాలలు, వచ్చాక ఆ గిన్నెలు? మీ ఆయన మంచివాడే కావచ్చు, నేను ఆయన్ను అనడం లేదు. నీ పోస్టులో నువ్వు జీఎస్టీ పని మాత్రమే పని అనుకున్నావు. నాకు చూస్తే ఆ ఆదివారం నీకు సెలవే రాలేదు, పొద్దున నాలుగింటి నుంచి ఒక డ్యూటీ, రాత్రి పదింటికి ఇంకో డ్యూటీ. సెలవు లేని రోజున సెలవు తీసుకున్నందుకు బాధపడుతున్నావు.

బతుకమ్మ తొమ్మిది రోజులు ఆడతాం కదా. ఎంగిలి పూల బతుకమ్మ మొదలు సద్దుల బతుకమ్మ దాకా రోజుకో ప్రసాదం, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు. ఐదు రోజులు అట్లా చేశాక ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, నైవేద్యం లేదు. అమ్మవారు అలిగింది అంటారు. నేను పెళ్లైన కొత్తలో మా అత్తమ్మను ఎందుకు అలిగింది అని అడిగితే, "అయిదొద్దులు ఆడి ఆడి అలసిపోలేదా, ఆమెకు మాత్రం పానం లేదా" అంది. పుస్తకాల్లో ఇంకే కథ ఉందో, నాకు మా అత్తమ్మ చెప్పిందే సరిపోయింది. ఇంత పెద్ద పండగలో మన ఆడవాళ్లు నడుమ ఒక రోజు పెట్టుకున్నారు, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా, అలిగింది అని ఒక్క మాటతో. మేం ఆ రోజు మా వాడలో నలుగురం కలిసి మధ్యాహ్నం పడుకునేవాళ్లం. నిజంగా పడుకోవడమే. తంగేడు, గునుగు తెచ్చే పని కూడా లేదు.

నీకు చాలా ఏళ్లు సెప్టెంబరు 30 ఆడిట్ గడువు, బతుకమ్మ దగ్గర దగ్గరగానే వస్తాయి అనుకుంటా, మా మరిది కూడా అదే పని. వచ్చే బతుకమ్మకు మిగతా రోజులు ఎట్లున్నా ఆరో రోజు మాత్రం నువ్వు అలుగు. ఈసారి ఎటైనా పోతే అన్నం బయట తినండి, లేదంటే మీ ఆయనే కలపనీ.


మిల్లు_మనవడు రాశాడు:

వదిన చెప్పాక ఇక చెప్పడానికి ఏమీ లేదు గానీ, ఆదివారం గురించి ఒకటి. మా తాత ఆజంజాహి మిల్లులో నేత విభాగంలో చేశాడు. 1934లో మొదలైన మిల్లు అది, వరంగల్‌లో దాని సైరన్‌ను బట్టి ఇళ్లల్లో పొయ్యి వెలిగించేవాళ్లని చెప్పేవాడు. షిఫ్టు దిగి వచ్చాక స్నానం చేసి ఉతికిన ధోతి కట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు, ఇక ఎవరు వచ్చి ఏం పని చెప్పినా "సైరన్ అయింది" అనేవాడు. అదొక్కటే జవాబు.

మనకు ఆదివారం ఊరికే రాలేదు. బొంబాయి మిల్లు కార్మికులకు వారంలో ఒక్క రోజు సెలవు కావాలని నారాయణ్ మేఘాజీ లోఖండే 1884 నుంచి పోరాడితే, 1890లో మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. అప్పటిదాకా వాళ్లకు పండగ వస్తేనో, మిషన్ ఆగితేనో సెలవు. ఆరు రోజులు కష్టపడ్డ మనిషి ఒక రోజైనా సమాజం కోసం, తన వాళ్ల కోసం ఉండాలని అడిగారు. మీరు ఆదివారం పడవ ఎక్కారంటే వాళ్లు అడిగి తెచ్చిన రోజును వాడుకున్నారు. వాడుకోకపోతేనే కదా వృథా.

మీకు ఆఫీసు వేరుగా లేదు కాబట్టి సైరన్ మీరే పెట్టుకోవాలి. మా అన్న ఇంట్లోనే కంప్యూటర్ పని చేస్తాడు, సాయంత్రం అవగానే చొక్కా మార్చుకుని ఒకసారి భద్రకాళి చెరువు కట్ట దాకా నడిచి వస్తాడు. వచ్చాక ఆ గది తలుపు తీయడు. ఏమీ పెద్ద ఏర్పాటు కాదు, కానీ మా వదిన ఇప్పుడు ఆ చొక్కా చూసే మాట్లాడుతుంది.


హన్మకొండ_లెక్కలు రాసింది:

ఐదు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నా. ఎలా ఉంది అని ఇద్దరు మెసేజ్ పెట్టారు.

ముందుగా చేసింది నోటుబుక్కు. శనివారం రాత్రి రాయడం మొదట్లో అరగంట పట్టింది, ఇప్పుడు పది నిమిషాలు. సార్ చెప్పినట్టు వివరంగా రాసిన వారం తల ఖాళీగా ఉంటోంది, హడావుడిగా రెండు మాటలు రాసిన వారం ఆదివారం మధ్యాహ్నానికే మొదలవుతోంది. ఆఫీసు గది తలుపు పక్కన మేకు కొట్టి దానికి గది తాళంచెవి తగిలిస్తున్నా, పిల్లలు దాన్ని లాంప్ రూం అంటున్నారు. పెద్దాయనా, మీ మనవడితో ఈ మాట చదివించుకోండి.

ఆదివారం లెక్కలు చూడను అని షాపుల వాళ్లందరికీ మెసేజ్ పెట్టాను. పెట్టే ముందు రెండు రోజులు నిద్ర పట్టలేదు. ముగ్గురు సరే అన్నారు, ఒకాయన కోపం చేసి కొన్నాళ్లు మాట్లాడలేదు, మిగతావాళ్లు అసలు జవాబే ఇవ్వలేదు, అంటే వాళ్లకు ఆదివారం నాతో పనే లేదు. 19, 20 తేదీలు ఆదివారం పడితే మాత్రం చూస్తానని ముందే చెప్పాను, అది నిజాయితీగా చెప్పాల్సిన సంగతి.

పోయిన ఆదివారం ఊరెళ్లాం. మధ్యాహ్నం వేపచెట్టు కింద నాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో ఏ పనీ లేదు, మోకాళ్లు సహకరించక ఇప్పుడు చేలోకి పోవడం లేదు. నేను పక్కన కూర్చుని అడిగాను, "నాయనా, నువ్వు పని చేసే రోజుల్లో ఎప్పుడన్నా ఊరికే కూసున్నవా?" అని. కాజీపేట తమ్ముడి మాట నాలో ఉండిపోయింది, పేరు లేకుండా సంతోషం కోసం మనవాళ్లు ఎప్పుడైనా కూర్చున్నారా అని. ఐనవోలు జాతర చెప్తాడు, ఎవరిదో పెళ్లి చెప్తాడు అనుకున్నా.

నాయన కొంచెంసేపు ఆలోచించి, "చెరువు మత్తడి దుంకినప్పుడు పోయేటోళ్లం గదా" అన్నాడు. నాకు గుర్తుంది, వెంటనే గుర్తొచ్చింది. వానాకాలం రెండు మూడు రోజులు ముసురు పట్టి చెరువు నిండి మత్తడి దుంకుతుందని, అంటే అలుగు పారుతుందని తెలిస్తే ఊరు ఊరంతా కట్ట మీదికి పోయేది. చేతిలో గొడుగులు, నెత్తి మీద గోనెసంచి కొప్పెరలు. ఎవరూ ఏమీ చేసేవాళ్లు కాదు. నీళ్లు దుంకుతుంటే చూడటం, అంతే. చేపలు ఎదురెక్కుతుంటే పిల్లలం అరిచేవాళ్లం. ఆ రోజు నాయన నన్ను భుజాల మీద ఎక్కించుకుని పొద్దు గూకేదాకా నిలబడ్డాడు. ఆ పొద్దు కలుపు తీయాల్సిన చేను ఉంది, ఎడ్లకు మేత కోయాల్సి ఉంది. "మరి గుట్టలు కరగలేదా నాయనా" అన్నాను. "చెరువు నిండిన్నాడు గా మాట ఎవరంటరు బిడ్డా" అన్నాడు.

చిన్నది అక్కడే ఉండి మత్తడి అంటే ఏంటి అని అడిగింది. మా నాయన దానికి చేతులతో చూపిస్తూ చాలాసేపు చెప్పాడు, నేను వింటూ కూర్చున్నా. తాళంచెవి మేకుకు తగిలించానా లేదా అని ఒకసారి మనసుకు వచ్చింది, పోయింది.

చెరువు నిండగానే ఫోన్ చేయమని తమ్ముడికి చెప్పి వచ్చాం. మత్తడి పడేది ఎక్కువగా జులై, ఆగస్టుల్లో, నాకు అప్పుడే ఇన్‌కం టాక్స్ గడువులు. ఆ ఫోన్ గడువుకు ఒకటి రెండు రోజుల ముందు వస్తే ఏం చేస్తానో ఇప్పుడే మాట ఇవ్వలేను, కానీ పిల్లలు ఇప్పుడు నన్నే అడుగుతున్నారు.


నర్సంపేట_వదిన రాసింది:

మీ చెరువు ముందు నిండితే నువ్వు చెప్పు, మా పాకాల చెరువు ముందు మత్తడి పడితే నేను చెప్తా. పిల్లల్ని తీసుకుని రా చెల్లె. అన్నం మా ఇంట్లో, మా ఆయన వండుతాడు.